తొలి జువ్వ

పిచ్చమ్మ పన్నెండో జువ్వను చెవి దగ్గర పెట్టుకుని వేలి మెటికతో తట్టింది. గొట్టాన్ని కాస్త తిప్పి మళ్ళీ తట్టింది. తర్వాత దాన్ని ఎడమచేతి పక్క పడుకోబెట్టి, "ఇదీ పోయింది మావా," అంది.

ఎడమ పక్క అప్పటికి ఏడు చేరాయి. కుడి పక్క అయిదే ఉన్నాయి. గోడకు ఆనించినవి ఇంకా తొమ్మిది. ఆవిడ మొగుడు ముత్యాలయ్య వాకిట్లో తడిక పక్కన కూర్చుని, ఎవరైనా వస్తున్నారేమోనని దారి కనిపెడుతున్నాడు. లోపలికి చూడకుండానే అతనికి సంగతి తెలుస్తూంది. ఎడమ పక్క పెట్టేముందల్లా ఆవిడ చిన్నగా నిట్టూరుస్తుంది మరి.

"పోవటమేంది? నీ చెవే పోయుంటది. నిన్న తలకు పోసుకున్నావు గదా, నీళ్ళు బోయుంటాయి."

"నా చెవికేం, బాగానే ఉండాది. రా, నువ్వే ఇను."

అతను కదల్లేదు. కదలడని ఆవిడకూ తెలుసు.

"మంచిదైతే కొయ్యను తట్టినట్టు గట్టిగా పలకతది," అంది పిచ్చమ్మ పదమూడోది అందుకుంటూ. "ఇవి ఊరికే బొళ్ళుమంటాండాయి. లోపల మందు చీలింది. ఇన్నేళ్ళలో ఒకటో రెండో పోయేయి గానీ, ఇట్టా ఎప్పుడూ లేదు."

చినదిబ్బపాలెంలో గంగమ్మ తిరణాలకు ఇంక మూడు రోజులుంది. సందెవేళ ఇసక దిబ్బ మీద నుంచి ఇరవైయొక్క తారాజువ్వలు లేచిన తర్వాతే అమ్మవారి పల్లకి సముద్రం వైపు కదులుతుంది. ఆ జువ్వలు చేసే మిరాసి తాతల నాటి నుంచీ ముత్యాలయ్య ఇంటిది. అందులో ఒక కట్టుబాటు ఉంది. తొలి జువ్వను చేసినవాడే అంటించాలి. రెండోదాని నుంచి ఎవరైనా అంటించవచ్చు. ఈ కట్టుబాటు పెట్టిన పెద్దలు తెలివైనవాళ్ళు. తన చెయ్యి తనే నిప్పు దగ్గర పెట్టాల్సి వచ్చేవాడు పనిలో దొంగాట ఆడడు కదా! అందుకే చేసిచ్చిన జువ్వల్ని ఊరు మళ్ళీ పరీక్ష చేయదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అమ్మవారి మందు ఆడది ముట్టకూడదు. దీన్ని పెట్టినవాళ్ళ తెలివి గురించి మనం మాట్లాడుకోనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక జ్వరం తగిలి ముత్యాలయ్య కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. వల లాగడానికి ఆ వణుకు అడ్డం రాలేదు గానీ, మందు దట్టించడానికి పనికిరాకుండా పోయింది. గొట్టంలోకి చెంచాడు మందు పోయాలి, మధ్యలో కొయ్య ములుకు వంగకుండా పట్టుకోవాలి, సుత్తితో ఆరే ఆరు దెబ్బలు కొట్టాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా లాభం లేదు. అప్పటి నుంచీ తడిక మూసుకుని పిచ్చమ్మే దట్టిస్తూంది. ఎవరైనా వస్తుంటే ముత్యాలయ్య దగ్గుతాడు. ఆవిడ సుత్తి కింద పెట్టి చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరుతుంది. అతను లోపలికి పోయి సుత్తి పట్టుకుంటాడు. తిరణాల అయ్యాక ఊరు అతని తలకు కొత్త పాగా చుడుతుంది. దాన్ని అతను ఇంటికి తెచ్చి దండెం మీద వేస్తాడు. ఎనిమిదేళ్ళలో ఆ పాగా గురించి ఇద్దరూ ఒక్కమాటైనా అనుకున్నది లేదు.

"ఈ మందు నువ్వు దేని మీద ఆరబెట్టినావు?" అంది పిచ్చమ్మ ఉన్నట్టుండి.

"ఎప్పుడూ దేని మీద ఆరబెడతామో దాని మీదే."

ఆవిడ గిన్నెలో మిగిలిన మందు చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. మందులో కలిపే సూరేకారం మంచిదైతే నాలుకకు చల్లగా తగులుతుంది. కొంచెంసేపు చప్పరించి, వాకిట్లోకి ఉమ్మి, మళ్ళీ పనిలో పడింది.

ముత్యాలయ్య చూపు ఇసక మీదికి దించుకున్నాడు. ఇరవై రోజుల కిందట పిచ్చమ్మ అక్కకూతురి కానుపని వాకాడు పోయింది. గంజితో కలిపిన మందు అప్పటికి తడిగా ఉంది. దాన్ని ఆరబెట్టే వెదురు తట్టలు తీసి చూస్తే, చెదలు అడుగులు తినేశాయి. కొత్త తట్టలకు మేదరివాళ్ళ దగ్గరికి పోవాలంటే ఒక పూట వేట పోతుంది. పడవలోని పాత తెరచాప తీసి, బావినీళ్ళలో ఒకసారి ముంచి పిండి, దాని మీద పరిచేశాడు. గుడ్డ గుడ్డే కదా అనుకున్నాడు. సముద్రం తగిలిన వేలితో మందు ముట్టరాదని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నవాడే. ఉప్పు చేరిన మందు తూర్పుగాలికి చెమ్మ తాగి ఉబ్బుతుంది, ఎండకు ఎండి చీలుతుంది. ఇవన్నీ తెలిసిన మనిషే బద్ధకించాడు. పిచ్చమ్మ వచ్చేలోగా తెరచాపను మడిచి మళ్ళీ పడవలో పడేశాడు.

సాయంత్రానికి తేలిన లెక్క ఇది. మంచివి తొమ్మిది, చీలినవి పన్నెండు.

మర్నాడు పొద్దున దిబ్బ దారిలో జీపు వచ్చింది. పెదకాపు పోలేరయ్య దాని ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఊరంతటికీ పెద్దమనిషి, కొత్త పంచె కట్టి మరీ వచ్చాడు. పక్కన కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి కుర్రాయన. ముత్యాలయ్య గట్టిగా దగ్గాడు.

"ముత్యాలూ, ఈ సారు జయకుమార్ గారు," అన్నాడు పోలేరయ్య జీపు దిగుతూ. "మన నెల్లూరాయనే. శ్రీహరికోట దీవిలో రాకెట్లు ఎగరేసే చోటు పెడతాండారు జూడు, ఆ ఇంజనీరు. మన ఊళ్ళో జువ్వలు చేస్తారంటే చూడాలన్నాడు."

ఆ ఏడాది వేసవంతా ఆ కోస్తాలో ఇదే మాట. దీవిని కొలుస్తున్నారు, తోపులు కొడతారు, చుట్టుపక్కల పాలేలను లేపేస్తారు అని ఒకటే పుకార్లు. తమ రేవు దాంట్లో పడకుండా చూసుకోవాలని పోలేరయ్య తాపత్రయం. అందుకని కళ్ళద్దాలున్న ప్రతి మనిషికీ కొబ్బరి బోండాం కొట్టిస్తున్నాడు.

జయకుమార్ తల వంచి గుడిసెలోకి వచ్చాడు. మూలన పిచ్చమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని బియ్యం ఏరుతూంది. రెండు వరసల్లో ఉన్న జువ్వల్ని అతను ఒంగి చూశాడు. మూరెడు వెదురు గొట్టం, దాని మీద బిగించి చుట్టిన జనపనార తాడు, కింద బంకమట్టి బిరడా, బిరడా మధ్యలో బొక్క, పక్కన తోకలా కట్టిన వెదురు బద్ద. కుడి పక్క వరసలోది ఒకటి తీసి, ఆ బొక్కలోకి ఒక పుల్ల దూర్చి ఎంత లోతుందో కొలిచాడు.

"పైకి పోయేకొద్దీ సన్నబడింది. ఇట్లా ఎందుకు పెడతారు?"

ఆ బొక్క పడేది ములుకు వల్లనని తప్ప ముత్యాలయ్యకు ఇంకేమీ తెలీదు. ములుకు చెక్కేది పిచ్చమ్మ. "మా పెద్దోళ్ళు అట్టా జేసినారు సామీ."

"బొక్క లేకపోతే?"

ముత్యాలయ్య గబుక్కున, "లెయ్యదు సామీ. ఉన్నకాడే చీదతది," అన్నాడు. అంతవరకు ఎవరైనా చెప్పగలరు.

జయకుమార్ ముఖం వెలిగింది. "మాదీ ఇంతే పెద్దాయనా! గొట్టం, మందు, మధ్యలో బొక్క. మందు లోపలి నుంచి గోడల వైపు కాలుతూ వస్తుంది. ఎంత మేర ఒకేసారి అంటుకుంటే అంత బలం. కేరళలో ఇప్పుడు చిన్నవి పంపుతున్నాం. ఇక్కడ పెద్దవి పంపుతాం."

"చంద్రుడి మీదికి పోతాండారంటనే అమెరికావోళ్ళు?" అన్నాడు పోలేరయ్య.

"ఈ యేడే పోతారు. వాళ్ళది నీళ్ళలాంటి మందు. గాలిని చల్లబరిచి నీళ్ళలాగా చేసి మోసుకుపోతారు, పైన గాలుండదు కదా. చంద్రుడి దాకా అది చాలు. ఇంకా దూరం పోవాలంటే మోసుకుపోయే మందే బరువైపోతుంది. అందుకని మందు కాల్చకుండా కరెంటు బలంతో నెట్టుకుపోయేవి చేస్తున్నారు. తెరచాపలు కూడా కడతారట."

"తెరచాపలా?" అన్నాడు ముత్యాలయ్య.

"అవును. ఎండకు కూడా కొంచెం తోసే బలం ఉంది. పలచటి పెద్ద తెరచాప విప్పితే ఎండే నెట్టుకుపోతుందట. ఇప్పుడు కాదులే, మన మనవళ్ళ కాలానికి." జయకుమార్ నవ్వి, చేతిలో జువ్వను తిప్పి చూశాడు. "అవన్నీ తర్వాత సంగతి. ముందు మాకున్న బాధేంటో చెప్పనా? మందులో వెంట్రుకంత చీలిక ఉంటే చాలు. నిప్పు ఆ సందులో దూరి ఒక్కసారిగా అంతటా అంటుకుంటుంది. పైకి పోదు, పేలిపోతుంది. అందుకని ప్రతిదానికీ ఎక్స్-రే తీసి చూస్తాం, రొమ్ముకి తీస్తారే అట్లా. మీరెట్లా తెలుసుకుంటారు?"

చేట చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"తట్టి... తట్టి చూస్తాం సామీ."

"ఏదీ, చూపించు!"

ముత్యాలయ్య ఒక జువ్వ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. అతని చెవికి ఏమీ తెలియలేదు. అయినా తల పంకించి, "ఇది మంచిది," అన్నాడు. దాన్ని ఎడమ పక్క వరసలోంచి తీశానని కింద పెడుతున్నప్పుడు గానీ చూసుకోలేదు. తల తిప్పితే పిచ్చమ్మ కళ్ళు తన మీదే ఉన్నాయి.

ఇంజనీరు మాత్రం మహా సంతోషపడిపోయాడు. జేబులోంచి పుస్తకం తీసి, "మీ పేరు ముత్యాలయ్య కదా," అంటూ రాసుకున్నాడు. అది చూసి పోలేరయ్యకు హుషారు పుట్టింది.

"సామీ, ఎల్లుండి తిరణాలకు మీరు రావాల. ఈ యేడు తొలి జువ్వ మీ చేత్తోనే అంటించాల. రాకెట్ల దొర అంటిస్తే మా తల్లి కూడా సంతోషపడతది."

"అయ్యో, నేనా?" అన్నాడు జయకుమార్ సిగ్గుపడుతూ. వద్దని మాత్రం అనలేదు.

"అది చేసినోడు అంటించాల గదా పోలేరన్నా," అన్నాడు ముత్యాలయ్య.

"మర్యాద దెలీదా నీకు? ఊరు మాట. నోరు మూసుకో."

జీపు దిబ్బ దాటి పోయింది. పిచ్చమ్మ చేట పక్కకు నెట్టి లేచింది.

"ఇన్నావు గదా. నా చెవి పోయిందన్నావే, ఆ సారు గూడా అదే జెప్పె."

"ఇన్నాను."

"పిల్లోడిలాగుండాడు. దాని మీదికి మొహం ఒంచి అంటించాల గదా. తల్లి ఎవురో, యాడుందో." ఆవిడ తడిక తెరిచి దారి చూపించింది. "పోయి పోలేరన్నతో జెప్పు. ఈ యేడు తొమ్మిదే అని జెప్పు."

"తొమ్మిదే ఎందుకంటే ఏం జెప్పేది? ఎట్టా పోయినాయంటే? నాయుడుపేట బాణసంచా అంగడోడు ఎప్పుడెప్పుడా అని కాచుకోనుండాడు. ఈ ఒక్క యేడు వాడి చేతికి బోతే మళ్ళీ మన గడప దొక్కదు మిరాసి. మా తాత కాడ్నించి వచ్చింది నా చేతుల్లో పోవాలా?"

"మళ్ళీ చేద్దామంటే మందు ఆరేదానికే నాలుగు రోజులు పట్టె." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ ఇష్టం. జెప్పేది జెప్పినా."

సాయంత్రం పోలేరయ్య పంపిన మనుషులు పసుపు పూసిన తట్ట తీసుకుని జువ్వల కోసం వచ్చారు. పిచ్చమ్మ బావికి పోయి ఉంది. కుడి పక్క తొమ్మిదీ ఎత్తి తట్టలో పెట్టిన ముత్యాలయ్య ఒక్కక్షణం ఆగాడు. "ఇరవైయొకటి గదా?" అన్నాడు వచ్చినవాడు. ఎడమ పక్కవి పన్నెండూ కూడా ఎత్తి వాటి మీద పెట్టాడు. అంతే, అన్నీ కలిసిపోయాయి. గుడి చప్టా మీదికి చేరి పసుపూ కుంకమా పడ్డాక, అంటించేదాకా వాటినెవరూ ముట్టడానికి లేదు.

పిచ్చమ్మ బిందెతో వచ్చి ఖాళీగా ఉన్న నేలను చూసింది. బిందె దించి లోపలికి పోయింది. ఆ పూట అన్నం వడ్డించింది గానీ, మాట మాత్రం వడ్డించలేదు.

తిరణాల రోజు పొద్దు వాలేసరికి దిబ్బ మీద ఇసకేస్తే రాలనంత జనం. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మధ్యలో ఇసక నింపిన పెద్ద జాడీ. పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. వాటి ముక్కులకు వేపమండలు కట్టారు. పల్లకి మోసేవాళ్ళు భుజాలు సర్దుకుంటూ తూర్పు ముఖంగా నిలబడ్డారు. జయకుమార్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, చొక్కా మీద ఎవరో అప్పుడే కుంకమ ఒలకబోశారు.

ముత్యాలయ్యకు రెండు రోజులుగా ఒకటే ఆలోచన. ఎట్లాగైనా తొలి జువ్వ తనే అంటించాలి. ఇరవైయొకటిలో తొమ్మిది మంచివే కదా, తల్లి చల్లగా చూస్తే మంచిదే రావచ్చు. రాకపోతే పోయేది తన చెయ్యి. ఎట్లాగూ వణికే చెయ్యే. సముద్రం మీద పోగొట్టుకున్నానని అనుకుంటే సరి. ఇట్లా తనకు తనే నచ్చజెప్పుకుని, అది ధైర్యం అనుకున్నాడు పాపం. మిగిలిన ఇరవై జువ్వలూ ఎవరి చేతికి పోతాయన్న ఊసే అతని బుర్రలోకి రాలేదు.

పోలేరయ్య తట్టలోంచి ఒక జువ్వ తీసి కళ్ళకద్దుకుని, దాని తోకబద్దను జాడీలో నాటాడు. చివర నిప్పు రాజుకుంటున్న కొబ్బరితాడును జయకుమార్‌కి అందించబోయాడు.

ముత్యాలయ్య అడ్డం వచ్చి తాడు పట్టుకున్నాడు. "నేను అంటిస్తా."

"ఏందిరా ఇది? సారును పిల్చుకొచ్చింది ఎందుకు?"

"చేసినోడు అంటించాల. కట్టుబాటు."

"ఇయ్యి తాడు!"

"ఇయ్యను పోలేరన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. సారును దూరంగా పొమ్మను."

ఆ మాటకు జయకుమార్ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత జువ్వ వైపు చూశాడు. ముత్యాలయ్య ఎవరి వంకా చూడకుండా జాడీ మీదికి ఒంగాడు. చెయ్యి వణుకుతూంది. తాడు చివరి నిప్పు వత్తికి అటూ ఇటూ ఊగింది.

"ఆగు మావా!"

ఆడవాళ్ళ పక్క నుంచి పిచ్చమ్మ ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. వస్తూనే అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పల్లకి మోసేవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"జువ్వలు చీలిపోయుండాయి," అంది రొప్పుతూ. "అంటిస్తే పేలతాయి. పడవ తెరచాప మీద ఆరబెట్టినా మందును. ఉప్పు తగిలింది. తప్పు నాది. మా మావకేం దెలీదు."

ముత్యాలయ్య తాడు జారకుండా పట్టుకుని ఆవిడ వంక చూశాడు. తెరచాప! ఈవిడకు ఎట్లా తెలిసింది? మందు నాలుక మీద వేసుకున్నప్పుడేనా? పడవలో గుడ్డకు అంటిన నల్లటి మసి చూసిందా? తెలిసి కూడా ఇన్ని రోజులూ పన్నెత్తి ఒక్కమాట అనలేదే!

"నువ్వెవరు మందు ఆరబెట్టేదానికి?" పోలేరయ్య అరిచాడు. "అమ్మవారి మందు ఆడది ముట్టుకునిందా? అందుకే పోయినాయి! ఆడదాన్ని చెయ్యి బెట్టనిస్తే ఇంగేమవతది?"

"అంతే, అంతే," అన్నారు మగవాళ్ళలో నలుగురు. పిచ్చమ్మ తల వంచుకుని నిలబడింది. పాదాలు ఇసకలో దిగబడి ఉన్నాయి. పరుగులో ఊడిన కొంగును సర్దుకోవాలన్న ధ్యాస కూడా ఆవిడకు లేదు. ముత్యాలయ్య వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. తిట్లు ఈవిడకు, పాగా తనకా!

"అబద్ధం," అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. "అబద్ధం జెప్తాంది. తెరచాప మీద ఆరబెట్టింది నేను. ఇది ఊళ్ళోనే లేదు, వాకాడు బోయుండె. చీలినాయని తట్టి కనుక్కున్నది ఇది. నాతో జెప్పింది. చీలినియ్యి పక్కన బెట్టింది. నేనే సిగ్గుపడి అన్నీ కలిపి పంపించినా." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకోటి గూడా ఇనండి. ఎనిమిదేళ్ళుగా మీరు ఎగరేసే జువ్వలు చేసింది ఇదే. నా చెయ్యి పనికిరాదు. ఎనిమిదేళ్ళూ ఒక్కటైనా పేలిందా? మగోడు చెయ్యి బెట్టిన యేడే పోయినాయి. ఇప్పుడు జెప్పు పోలేరన్నా, ఎవురు ముట్టుకుంటే పోయినాయో!"

ఆడవాళ్ళ పక్క నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

జయకుమార్ తట్ట దగ్గరికి వచ్చాడు. "అమ్మా, చీలినదేదో తీసి ఇవ్వగలవా?"

పిచ్చమ్మ మొగుడి వైపు చూసింది. అతను తలూపాడు. ఆవిడ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని తట్టింది. మూడోది తీసి ఇంజనీరుకు ఇచ్చింది. పల్లకి దగ్గరున్న మనిషి ఒకడు మొలలోంచి వల కోసే కత్తి తీసి, నిప్పుకు దూరంగా పోయి, తాడు తెంచి గొట్టాన్ని నిలువునా చీల్చాడు. నల్లటి మందు కడ్డీ మీద పై నుంచి కింది దాకా సన్నటి గీత. జయకుమార్ దాని మీద గోరుతో రాశాడు. చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మాకు దీనికి ఒక గదంత మిషను కావాలి," అన్నాడు మెల్లిగా.

పిచ్చమ్మ అప్పటికి తొమ్మిదీ ఏరింది. జాడీలో పోలేరయ్య నాటినదాన్ని పీకి తట్టింది. దాన్ని చీలినవాటిలో పడేసింది. అది చూసి ముత్యాలయ్య తన కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"తొమ్మిదేనా?" అన్నాడు పోలేరయ్య నీరసంగా. "ఇరవైయొకటి లేకుండా తల్లి ఎట్టా కదలతది?"

"లేచేయి తొమ్మిదైతే తొమ్మిదికే కదలతది," అంది ఆడవాళ్ళలో ముసలి చెంచమ్మ. "పేలేయి ఎన్నుంటే ఎవురికి గావాల? పొద్దు బోతాంది, కానీండి."

"మిరాసి సంగతి రేపు మాట్లాడతా," అన్నాడు పోలేరయ్య ముత్యాలయ్య వైపు తిరిగి. "సారుకియ్యి తాడు."

ముత్యాలయ్య తాడు ఇవ్వలేదు. చివర ఊది, నిప్పు ఎర్రబడ్డాక పిచ్చమ్మ ముందు పట్టుకున్నాడు.

"చేసినోళ్ళు అంటించాల," అన్నాడు. "కట్టుబాటు గదా."

ఆవిడ చెయ్యి చాపలేదు. "నాకు సిగ్గు మావా. అందరూ చూస్తాండారు."

"చూడనీ."

జయకుమార్ చేతులు కట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఆయన జరిగేసరికి పోలేరయ్యా జరగక తప్పలేదు. పిచ్చమ్మ కొంగు నడుముకు బిగించింది. మంచి జువ్వ ఒకటి జాడీలో నాటి, తాడు తీసుకుని ఒంగింది. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

వత్తి చిటపటమంది. జువ్వ ఒక్కక్షణం తటపటాయించి సర్రున లేచింది. దిబ్బ దాటి, పడవలు దాటి, సముద్రం మీద ఇంకా వెలుగున్న చోటికి పోయి పూలు రాల్చింది. ఊరంతా తలలెత్తి కేకలు పెట్టింది. ఇంజనీరు కూడా అందరితో పాటు అరిచాడు. పిచ్చమ్మ మాత్రం తల ఎత్తలేదు, ఒక చెవి అటు పెట్టి విన్నది.

"బాగా పలికింది," అంది.

తర్వాత రెండో జువ్వను జాడీలో నాటి, తాడును మొగుడి వణికే చేతిలో పెట్టి, దాని మీద తన చెయ్యి వేసింది.

"ఊ, కానీ. రెండోది ఎవురైనా అంటించొచ్చులే."